‘దేవుడు పిలిచాడు’ తర్వాత రాయాల్సిన రెండో వాక్యం

వేదాంత కళాశాలలో చదువుతూ, ప్రజాసేవలోకో నేరుగా రాజకీయాల్లోకో వెళ్తానని ఒకసారి నోరు జారితే చాలు, ఇక అందరూ ఒకటే అడుగుతారు: ఎందుకు? ఇంట్లో అడుగుతారు, సంఘ పెద్దలు అడుగుతారు, ఫెలోషిప్ దరఖాస్తులో అదే మొదటి ప్రశ్న. మావాళ్లలో చాలామంది రాసే జవాబు ‘దేవుడు నన్ను పిలిచాడు’. ఆ వాక్యంతో నాకు పేచీ లేదు, నాదీ అదే. అక్కడితో కలం మూసేయడంతోనే పేచీ. పిలుపు మీకూ దేవుడికీ మధ్య సంగతి. మీకు జీతమిచ్చే ప్రజలు, ఓటు వేసే ప్రజలు ఆ తర్వాతి వాక్యం కోసం ఎదురుచూస్తారు. ఆ రెండో వాక్యాన్ని ఎక్కడ వెతకాలో, దాన్ని ఒక పేజీగా ఎలా రాయాలో చెబుతాను.

మాది రేపల్లె దగ్గర పల్లె. గుంటూరులో బీకాం చేసి, ఇప్పుడు చెన్నై కీల్పాక్‌లో బీ.డీ., అంటే వేదాంత డిగ్రీ, చదువుతున్నాను. ఆదివారాలు పుళియంతోపు వైపున్న ఒక తెలుగు క్రైస్తవ సంఘానికి వెళ్తాను. అక్కడ ఎక్కువమంది నగరపాలక సంస్థ పారిశుద్ధ్య కార్మికులు, తాతల కాలంలో నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి వచ్చిన కుటుంబాలు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. పిల్లలు తెలుగు కీర్తనలను తమిళ లిపిలో రాసుకుని పాడతారు, పల్లవి తప్పదు, ఒత్తులు మాత్రం అప్పుడప్పుడూ జారిపోతాయి. నేను ఇచ్చే ఉదాహరణలన్నీ క్రైస్తవులవే. మీరు వేద పాఠశాలలోనో మదరసాలోనో చదువుతుంటే మీ గ్రంథం నుంచి మీ ఉదాహరణ తెచ్చుకోండి, మిగతా పని అంతా ఒకటే.

ముందు మీ గ్రంథంలో పరిపాలన ఎక్కడుందో వెతకండి

ప్రజాసేవ అనగానే మా విద్యార్థులు దావీదు వడిసెలను తీస్తారు, లేదంటే ఎస్తేరు రాణిని. రెండూ గొప్ప కథలే. కానీ వాటిలో వీధి లేదు, లెక్క లేదు, పనివాళ్ల పేర్లు లేవు. బైబిల్లో నెహెమ్యా గ్రంథం తెరవండి, యెరూషలేము గోడను తిరిగి కట్టించిన అధిపతి కథ అది. అతడు యెరూషలేముకు చేరగానే ప్రసంగం చేయలేదు. రాత్రిపూట కొద్దిమందితో బయలుదేరి, ఎవరికీ చెప్పకుండా, కూలిన గోడ చుట్టూ తిరిగి చూశాడు. మూడో అధ్యాయం మొత్తం ఒక మస్టర్ రోల్: ఏ గుమ్మం ఎవరు బాగుచేశారు, ఎవరి ఇంటి ఎదుట భాగం ఎవరి వంతు. అందులో షల్లూము, అతని కుమార్తెలు ఉన్నారు. తెకోవ ఊరి పెద్దలు పనికి మెడ వంచలేదని కూడా మొహమాటం లేకుండా రాసి ఉంది. ఊరి చెత్త బయటికి వెళ్లే పెంట గుమ్మాన్ని బాగుచేసింది మల్కీయా, ఒక ప్రదేశానికి అధిపతి! పుళియంతోపులో ఈ మాట చదివినప్పుడు వెనక వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన గట్టిగా నవ్వి, "మా మండల అధికారికి చదివి వినిపించమ్మా" అన్నారు.

అయిదో అధ్యాయం ఇంకా ముఖ్యం. పొలాలు తాకట్టు పెట్టి, పిల్లలను దాసులుగా ఇచ్చి అప్పులు తెచ్చుకున్నవాళ్లు మొరపెడితే, గోడపనిలో తలమునకలుగా ఉన్న నెహెమ్యా ముందు వడ్డీ సంగతి తేల్చాడు. పన్నెండేళ్లు అధిపతిగా ఉండి, అధిపతికి రావలసిన భోజనపు ఖర్చు తీసుకోలేదు. మీ ప్రేరణకు మూలం ఏ వాక్యమో ఎంచుకునేటప్పుడు ఇలాంటిది ఎంచుకోండి: పని ఎవరు చేశారు, డబ్బు ఎక్కడిది, ఎవరికి జవాబు చెప్పారు అన్నది కనిపించే చోటు. మీ పేజీలో దీనికి ఒకటి రెండు పంక్తులు చాలు. అంతకు మించితే అది ప్రసంగం అవుతుంది.

తర్వాత ఒక్క విషయం ఎంచుకోండి, దాని కాగితాలు చదవండి

‘పేదలకు సేవ’ అని రాయకండి. అది రాయడానికి చెన్నై రావక్కర్లేదు. ఒక్క విషయం. నాకు దొరికింది జీతం చీటీ.

మా సంఘంలో కాంట్రాక్టు కింద పనిచేసే ఆడవాళ్లు కొందరు ఆరాధన అయ్యాక జీతం చీటీలు తెచ్చి, ఇందులో ఏముందో చదివి చెప్పమనేవారు. బీకాం చదువు అక్కడ అక్కరకొచ్చింది. భవిష్య నిధి (పీఎఫ్) కింద కార్మికురాలి జీతంలో 12 శాతం కోస్తారు, యజమాని అంతే కలపాలి. కార్మికుల ఆరోగ్య బీమా అయిన ఈఎస్ఐకి ఆమె వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం, నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్నవారికి వర్తిస్తుంది. చీటీలో కోత కనిపిస్తుంది, అది ఖాతాలో పడిందా లేదా అన్నది చీటీలో ఉండదు. యూఏఎన్ అనే భవిష్య నిధి సభ్యత్వ నంబరుతో, ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిచి నెల నెలా సరిచూడాలి. ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేసినవాళ్ల పాస్‌బుక్కుల్లో కొన్ని నెలలు ఖాళీగా కనిపించాయి. భవిష్య నిధి కార్యాలయానికి ఫిర్యాదు రాశాం. అక్కడి నుంచి నడిచిన వ్యవహారమంతా ఇక్కడ రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది. నా రెండో వాక్యం మాత్రం నాకు అక్కడే దొరికింది: చట్టం ఉంది, కోత ఉంది, జమ లేదు, అడిగే మనిషి లేదు.

మీకు మరేదైనా దొరకవచ్చు. ఏది దొరికినా అది ఏ శాఖ పరిధిలో ఉందో తెలుసుకోండి. చెన్నైలో వాన నీటి కాలువ నగరపాలక సంస్థది, మురుగునీటి గొట్టం మెట్రో వాటర్ సంస్థది, వీధి మలుపులోని కరెంటు పెట్టె విద్యుత్ సంస్థది, కొన్ని పెద్ద రోడ్లు రాష్ట్ర రహదారుల శాఖవి. వీధిలో నిలిచిన నీళ్లు మాత్రం ఒకటే, వాసన చూసి ఏ శాఖదో చెప్పగలిగేవాడే మంచి కౌన్సిలర్ అవుతాడని నా అభిప్రాయం. నగరపాలక సంస్థ ఫిర్యాదులకు 1913 నంబరుంది. ఫిర్యాదు సంఖ్య రాసుకోకుండా ఫోను పెట్టేయకండి. ఫిర్యాదుతో కానిది సమాచార హక్కు చట్టంతో అడగండి: పది రూపాయల రుసుము, మామూలుగా ముప్పై రోజుల గడువు. ‘ఎందుకు చేయలేదు’ అని అడిగితే జవాబు రాదు. పని ఉత్తర్వు నకలు, చెల్లించిన బిల్లు నకలు, తనిఖీ రిజిస్టరు నకలు అడగండి. తమిళంలో రాస్తే పని త్వరగా కదులుతుంది. తమిళం చదవడం, రాయడం నేర్చుకోకుండా ఈ ఊళ్లో ప్రజాసేవ చేస్తానన్న తెలుగువాళ్లను చూస్తే నాకు ఓపిక నశిస్తుంది.

మీ విషయానికి నేపథ్యంగా ఊళ్లో ఏం జరుగుతోందో కూడా తెలిసి ఉండాలి. 2025 ఆగస్టులో రాయపురం, తిరు.వి.క. నగర్ మండలాల్లో చెత్త సేకరణను ప్రైవేటు సంస్థకు అప్పగించడాన్ని వ్యతిరేకిస్తూ కార్మికులు నగరపాలక సంస్థ కార్యాలయమైన రిప్పన్ భవనం ముందు రోజుల తరబడి కూర్చున్నారు. 13వ తేదీ రాత్రి పోలీసులు వారిని అక్కడి నుంచి తొలగించారు. మురుగు కాలువల్లోకి రక్షణ పరికరాలు లేకుండా మనుషులను దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. అలా దిగి మరణించినవారి కుటుంబాలకు పరిహారాన్ని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు పది లక్షల నుంచి ముప్పై లక్షలకు పెంచింది. పారిశుద్ధ్య కార్మికుల గురించి రాస్తూ ఇవి తెలియకపోతే, మీ కన్నీళ్లకు ఎవరూ విలువ ఇవ్వరు.

కుల ధృవపత్రం సంగతి దాటవేయకండి

మా సంఘాల్లో అందరికీ తెలిసి, ఎవరూ వేదిక మీద మాట్లాడని విషయం ఇది. షెడ్యూల్డ్ కులాల గురించి 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ఆ హోదాను మతంతో ముడిపెట్టింది. మొదట హిందువులకే, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు నేటికీ అందులో లేరు. ఎస్సీ కులాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారు ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సీ, తమిళనాడులో బీసీ. అంటే బాప్తిస్మం రిజిస్టరులో ఒక పేరు, తహసీల్దారు రిజిస్టరులో మరో పేరు ఉన్న కుటుంబం నుంచి మీరు వచ్చి, ఎస్సీ రిజర్వుడు వార్డులో నామినేషన్ వేస్తే, ఎదుటివాళ్లు ముందు వెతికేది మీ చర్చి ఫోటోలే. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, క్రైస్తవ విశ్వాసంలో కొనసాగుతూ ఉద్యోగం కోసం ఎస్సీ ధృవపత్రం కోరిన పుదుచ్చేరి మహిళ కేసులో, అది రాజ్యాంగాన్ని మోసగించడమేనని చెప్పింది. వేదాంత విద్యార్థి విషయంలో ‘నేను పేరుకే క్రైస్తవుణ్ని’ అనే వాదన నిలబడదు. మీ చదువే మీ మీద సాక్ష్యం.

ఇంకో మెలిక. సొంత రాష్ట్రంలో ఉన్న ఎస్సీ, ఎస్టీ హోదా వలస వచ్చిన రాష్ట్రంలో రిజర్వేషన్‌కు పనికిరాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. రేపల్లె ధృవపత్రంతో చెన్నైలో సీటు అడగలేం.

ఈ మూడో పేరా అన్యాయమని నేను నమ్ముతాను. కులం బాప్తిస్మపు నీళ్లలో కొట్టుకుపోదని మా శ్మశానాల్లో కులాలను విడదీసే గోడలు చూసినవారికి చెప్పనక్కర్లేదు. అన్యాయమని నమ్మేవాడు దాన్ని మార్చమని బహిరంగంగా అడగాలి, చాటుగా దాటుకుపోకూడదు. 2022 అక్టోబరులో ఈ ప్రశ్నను పరిశీలించడానికి మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కేంద్రం ఒక కమిషన్ వేసింది. మీ ప్రేరణే ఇది అయితే పేజీలో నేరుగా రాయండి. పిల్లల చదువు కోసం పాత ధృవపత్రం ఉంచుకున్న కుటుంబాల మీద మాత్రం తీర్పు రాయకండి. వాళ్లకు దొరికిన తలుపు అదొక్కటే.

గుడి మైకు, చర్చి మైకు

ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లోని 123(3) సెక్షన్ ప్రకారం మతం పేరిట ఓటు అడగడం అవినీతి చర్య, ఎన్నికే రద్దవుతుంది. 2017 జనవరి 2న అభిరామ్ సింగ్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4-3 మెజారిటీతో, అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతాన్ని చూపి అడిగినా అదే తప్పు అని చెప్పింది. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలకు ఇది వర్తిస్తుంది. వార్డు ఎన్నికలకు రాష్ట్ర చట్టాలున్నాయి, అయినా అలవాటు ఇక్కడి నుంచే చేసుకోవాలి. 1988 నాటి మత సంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం మందిరం, మసీదు, చర్చి ప్రాంగణాలను రాజకీయ పనికి వాడడాన్ని నిషేధిస్తుంది, శిక్ష అయిదేళ్ల వరకు జైలు. కాబట్టి ఆరాధన చివర ప్రకటనల్లో ‘మన బిడ్డ నిలబడింది, గుర్తుంచుకోండి’ అని పాస్టరు గారు ప్రేమగా అనబోతే ముందే చేతులు జోడించి ఆపండి. జీతం చీటీలు చదవడం రాజకీయ ప్రచారం కాదు గానీ, ఎన్నికల్లో నిలబడాలనే ఆలోచన మొదలయ్యాక నేను ఆ బల్లను చర్చి వరండా నుంచి ఎదురుగా ఉన్న టీ కొట్టు పక్కకు మార్చాను. దానివల్ల ఇంకో మేలు జరిగింది: చర్చి గుమ్మం ఎక్కని పక్క వీధి వాళ్లు కూడా చీటీలు తేవడం మొదలుపెట్టారు.

విదేశీ విరాళం కూడా ఇలాంటిదే. ఎన్నికల అభ్యర్థి విదేశీ విరాళం తీసుకోకూడదని 2010 విదేశీ విరాళాల నియంత్రణ చట్టం చెబుతుంది. మన సంస్థల్లో చాలావాటికి విదేశీ నిధులు వస్తాయి. మీ పని ఖర్చులను సంఘం ఖాతాతో కలపకండి.

ఇంట్లో

‘రాజకీయం బురద, సేవ చేయాలంటే సంఘం లేదా?’ అని నాన్న అంటారు. సంఘం కానుకలతో ఒక ఇంటికి బియ్యం ఇవ్వగలం, భవిష్య నిధి సక్రమంగా జమయితే వందల ఇళ్లకు ముసలితనంలో కూడు దొరుకుతుందని చెప్పండి. పూర్వపు ఉదాహరణలు కావాలంటే ఈ ఊళ్లోనే ఉన్నాయి. మన తెలుగువాడు పిట్టి త్యాగరాయ చెట్టి కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉండగా 1920లో థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం మొదలయింది. లయోలా కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్న జెస్యూట్ ఫాదర్ జెరోమ్ డిసౌజా మద్రాసు నుంచి రాజ్యాంగ సభకు వెళ్లారు. అయితే ఇప్పటి కథోలిక చర్చి చట్టం ప్రకారం గురువులు, అంటే ఫాదర్లు, అధికారం చెలాయించే ప్రభుత్వ పదవులు చేపట్టకూడదు. ప్రొటెస్టెంట్లలో ఒక్కో సంఘానికి ఒక్కో నిబంధన. పాస్టరుగా అభిషేకం తీసుకోకముందే మీ సంఘ నియమావళి చదవండి.

అమ్మ ప్రశ్న వేరు: ‘పెళ్లిచూపులకు వచ్చినవాళ్లకు ఏమని చెప్పను?’ దీనికి నా దగ్గర పేజీ లేదు.

ఏ తలుపు?

ప్రభుత్వ ఉద్యోగి ఏ పార్టీలోనూ చేరకూడదు, ప్రచారం చేయకూడదు. కాబట్టి ‘ప్రజాసేవ మరియు రాజకీయం’ అని రెండూ కలిపి రాస్తే, ఈ రెండింటి మధ్య గోడ మీకు తెలియదని చదివేవాడికి అర్థమవుతుంది. సివిల్ సర్వీసులకు 21 నుంచి 32 ఏళ్లు, జనరల్ అభ్యర్థికి ఆరు అవకాశాలు, వెనుకబడిన తరగతులకు 35 ఏళ్లు, తొమ్మిది అవకాశాలు. ఎన్నికల్లో వార్డుకు 21 ఏళ్లు నిండితే చాలు, అసెంబ్లీకి 25. చెన్నైలో 200 వార్డులున్నాయి, తమిళనాడు స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవి. 2022లో మేయరు అయినప్పుడు ఆర్. ప్రియ వయసు 28. వార్డులో నిలబడాలంటే ఈ నగరంలో ఓటు ఉండాలి. హాస్టల్ విద్యార్థి ఇంటి దగ్గరో హాస్టల్ దగ్గరో ఒకచోట ఓటు ఉంచుకోవచ్చు. ఊళ్లో ఇప్పటికే ఓటు ఉంటే ఫారం 8తో మార్పించుకోవాలి. వార్డు ప్రజలు తమ సమస్యలు చెప్పుకునేందుకు 2022 నుంచి నడుస్తున్న ఏరియా సభలకు వెళ్లి వెనక కూర్చోండి. ఎవరు దేని గురించి లేస్తారో రాసుకోండి.

ఇక పేజీ

దీన్ని ఒకే కూర్పులో రాయండి, ఇంటికో రకం, ఇంటర్వ్యూకో రకం వద్దు. రాశాక, మీ దేవుణ్ని నమ్మని మనిషికి చదివి వినిపించండి. నేను టీ కొట్టు యజమానికి వినిపించాను, ఆయన నమాజు మనిషి. మొదటి పంక్తికి తల ఊపి, జమ కాని నెలల దగ్గర ఆపి, "కాంట్రాక్టరు మారితే పాత బకాయి ఎవరు కట్టాలి?" అని అడిగారు. అసలు యజమాని బాధ్యత గురించి ఒక పంక్తి అలా చేరింది. నా పేజీ ఇప్పుడు ఇలా ఉంది:

‘నేను క్రైస్తవురాలిని. పని చేసినవారి కూలి బిగబట్టకూడదని నా విశ్వాసం నేర్పింది. పుళియంతోపులో కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికుల జీతం చీటీలు చదువుతున్నాను. జీతంలో కోసిన భవిష్య నిధి సొమ్ము కొన్ని నెలలు ఖాతాల్లో పడలేదు. కాంట్రాక్టరు కట్టకపోతే పని చేయించుకున్న అసలు యజమాని కట్టాలి, అసలు యజమాని ఇక్కడ ప్రజల సంస్థ. బిల్లు చెల్లించే ముందు జమ రసీదు చూడాలనే నిబంధన అమలవుతోందా అని అడిగే చోటు కౌన్సిల్. నేను అక్కడికి వెళ్లాలనుకుంటున్నాను. ఎన్నికైతే నా వార్డులోని ప్రతి కాంట్రాక్టు జమ వివరాలను మూడు నెలలకోసారి ఏరియా సభలో చదువుతాను. చదవకపోతే నన్ను అక్కడే నిలదీయవచ్చు.’

దేవుడి పేరు ఒక్క చోట కూడా రాలేదని మా కళాశాలలో ఒక అన్నయ్య నొచ్చుకున్నారు. ‘కూలి బిగబట్టకూడదు’ ఎక్కడిదో తెలిసినవారికి తెలుస్తుందని చెప్పాను. ఇంటర్వ్యూలో తప్పక వచ్చే ప్రశ్న ఇంకొకటి ఉంది: ‘మీ మతంవాళ్లకే చేస్తారా?’ దీనికి మాటలతో జవాబు ఇవ్వకండి. మొదటి చీటీ చదివిన రోజు నుంచే ఒక పుస్తకం పెట్టుకోండి: తేదీ, వీధి, విషయం, ఏ శాఖ, ఫిర్యాదు సంఖ్య, ఏమైంది. అందులో మతం గడి ఉండకూడదు, కార్మికుల పేర్లు బయటివాళ్లకు కనబడకుండా చివరి పేజీల్లో విడిగా రాయాలి. ప్రశ్న వచ్చినప్పుడు ఆ పుస్తకం తెరిచి, వీధుల వరుస చూపించి, ఏ పంక్తి గురించి అడుగుతారో వాళ్లనే ఎంచుకోమనండి.